బంగారు రంగు నిక్కరు

ఎకెన్‌షా, యార్క్‌షైర్
ఏప్రిల్, మంగళవారం

తమ్ముడు క్లిఫర్డ్‌కి,

నేను చెబుతుంటే కోడలు లిండ్సే రాస్తోంది. నా మాట ఒక్కటి మెత్తబరిచినా పసిగడతానని ముందే చెప్పాను. నాకు చదవడం రాదు గానీ, రాసినదాన్ని తిరిగి చదివించుకోవడం వచ్చు. ఫోను చేస్తే నువ్వు "సరే అక్కా, చూద్దాం అక్కా" అని పెట్టేస్తావు. ఉత్తరమైతే జవాబు రాయాలి, కింద సంతకం పెట్టాలి. అందుకని ఇది.

నా మనవడు కర్టిస్‌కి అయిదు మ్యాచ్‌ల నిషేధం వేశారు మీ పెద్దమనుషులు. రగ్బీ ఆటగాళ్ళ తప్పొప్పులు తేల్చే క్రమశిక్షణ సంఘంలో నువ్వూ ఒక కుర్చీ ఎక్కి కూర్చున్నావు కాబట్టి మీ పెద్దమనుషులు అంటున్నాను.

జరిగింది నేను కళ్ళారా చూశాను. కర్టిస్ పడగొట్టబోయిన కుర్రాడు బురదలో జారి మోకాళ్ళ మీదికి వచ్చాడు. నడుముకి వెళ్ళాల్సిన చెయ్యి గడ్డానికి తగిలింది. వాడు లేచి, తల విదిలించుకుని, కాసేపట్లోనే మన గీత దాటి బంతి పెట్టి పాయింట్లు కూడా పట్టుకుపోయాడు. అంత ఘోరమైన దెబ్బన్నమాట! ఆట అయ్యాక ఎప్పటిలాగే రెండు జట్లూ క్లబ్బు గదిలో మాంసం కూరి కాల్చిన పై, ఉడికించిన బఠాణీలు తింటుంటే కర్టిస్ తన పళ్ళెం తీసుకెళ్ళి వాడి ఎదురుగా కూర్చున్నాడు.

"దవడ ఎలా ఉందిరా?"

"నీ పై కూడా ఇటిస్తే సరిగ్గా చెబుతాను" అన్నాడు వాడు. ఇచ్చేశాడు నా వెర్రి మనవడు.

మీ తీర్పులో ఏం రాశారు? "ఆటగాడిలో పశ్చాత్తాపం కనబడలేదు" అని. మరి వెల్‌ఫోర్డ్ క్లబ్బు బ్లేక్ టావెర్నర్‌లో కనబడిందట. బస్సుల మీద బొమ్మ వేస్తారే, ఆ జుట్టువాడు. మార్చిలో వాడు కొట్టిన దెబ్బకి అవతలివాణ్ణి మోసుకుపోయారు. వాడికి రెండే మ్యాచ్‌లు. లాయరు చేత క్షమాపణ రాయించి ఫోనులో పంపాడు కాబట్టి అది పశ్చాత్తాపం. మా వాడు బఠాణీలు పెట్టాడు. బఠాణీలకి రసీదు లేదు.

ఆ రెండింట్లో కూడా ఒకటి ఎలా తీరింది? ఒక బుధవారం ఎవరో కాలేజీ కుర్రాళ్ళతో స్నేహపు మ్యాచ్ అన్నారు. టావెర్నర్ అందులో ఆడలేదు, కాబట్టి ఒక మ్యాచ్ శిక్ష అనుభవించేశాడన్నారు. పాపం, ఎంత నలిగిపోయాడో.

జూన్‌లో కప్పు సెమీఫైనల్. ఎకెన్‌షా అంత దూరం వచ్చి ఎన్నేళ్ళయిందో, అప్పుడు మన జట్టులో నువ్వే ఉన్నావు కాబట్టి నీకే తెలుసు. ఎదుటి జట్టు వెల్‌ఫోర్డే. ఈలోపు మాకు నాలుగు మ్యాచ్‌లు ఉన్నాయి. అయిదోది ఆ సెమీఫైనల్. టావెర్నర్ మైదానంలో ఉంటాడు, నా మనవడు కోటు తొడుక్కుని మెట్ల మీద ఉంటాడు.

నాకు మీ దయ అక్కర్లేదు. ఆడితే ఇద్దరూ ఆడాలి. కూర్చుంటే ఇద్దరూ కూర్చోవాలి. నా కేసు ఇంతే. జవాబు రాయి.

అక్క హెట్టీ


ఇల్క్‌లీ
ఏప్రిల్ చివర

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం అందింది. ఆరోగ్యం బాగానే ఉందని అందులోని స్వరాన్ని బట్టి తెలుస్తోంది. సంతోషం.

కర్టిస్ నాకు బంధువు కాబట్టి, వాడి విచారణ మొదలవగానే నేను గదిలోంచి బయటికి వచ్చేశాను. ఆ నిర్ణయంతో నాకు ఏ సంబంధమూ లేదు. అయినా నీ మనసు కుదుటపడటానికి రెండు విషయాలు చెప్పగలను. మొదటిది, వాడికి పాత రికార్డు ఉంది. నిరుడు ఇలాంటి నేరమే తనంతట తాను ఒప్పుకున్నాడు. రెండోసారి చేస్తే శిక్ష పెరుగుతుంది. రెండోది, స్నేహపు మ్యాచ్‌ల విషయం. ముందుగా నమోదు చేసి, గుర్తింపు ఉన్న జట్టుతో, అధికారిక రెఫరీతో ఆడిన ఏ మ్యాచ్ అయినా నిషేధంలోంచి తగ్గుతుంది. అది నియమం. వెల్‌ఫోర్డ్ దాన్ని వాడుకుంది. ఈ నియమం ముందు పెద్ద క్లబ్బు, చిన్న క్లబ్బు అని తేడా లేదు.

అప్పీలుకి మాత్రం వెళ్ళనివ్వకు. పనికిమాలిన అప్పీలని తేలితే ఇంకో మ్యాచ్ కలుపుతారు. ఇంతకంటే మాట్లాడటం నా పదవికి తగదు. లిండ్సేని, కర్టిస్‌ని అడిగానని చెప్పు.

నీ తమ్ముడు
క్లిఫర్డ్


ఎకెన్‌షా
మే, గురువారం

ఒరేయ్ క్లిఫ్,

నీ ఉత్తరం లిండ్సే చదువుతుంటే చర్చిలో కూర్చున్నట్టే ఉంది. మధ్యలో కునుకు పట్టింది.

నిరుటి నేరం సంగతి చెబుతాను విను. ఆ దెబ్బ కొట్టింది కర్టిస్ కాదు, వాడి పక్కనున్నవాడు. గుంపులో ఎవరి చెయ్యో ఎవరికీ తెలియదు. "ఒప్పేసుకుంటే ఒక్క మ్యాచ్, కాదని వాదించి ఓడితే మూడు" అని బేరం పెట్టింది మీరు. "ఒప్పేసుకోరా, ఒక్క వారమే కదా" అంది క్లబ్బు. ఒప్పుకున్నాడు. చేయని తప్పు ఒప్పుకుంటే చవక అని పిల్లలకి నేర్పేదీ మీరే, ఏడాది తిరిగాక అదే తప్పు చూపించి బరువు పెంచేదీ మీరే. చేపల బజారులో ఇంతకంటే సిగ్గున్నవాళ్ళు ఉంటారు.

అయితే నీ ఉత్తరంలో ఒక్క ముక్క మాత్రం బంగారం. పెద్ద క్లబ్బు, చిన్న క్లబ్బు తేడా లేదన్నావే, దాన్ని మళ్ళీ మళ్ళీ చదివించుకున్నాను. ఏ మ్యాచ్ అయినా సరే అన్నావు. ఒకే ఒక్కటి తగ్గితే మా వాడు సెమీఫైనల్ ఆడతాడు. అందుకని ఆడించేశాం.

గని కార్మికుల సంఘంలో ముసలివాళ్ళ జట్టు ఉంది, నీకు తెలుసు. గుర్తింపు ఉన్న జట్టే, బోర్డు కూడా ఉంది. ఎకెన్‌షా క్లబ్బు వెళ్ళి ముందుగానే నమోదు చేసింది. రెఫరీ బెర్నార్డ్ స్లేటర్, సరైన చొక్కా, సరైన ఈల. నిన్న సాయంత్రం ఆట జరిగింది. ఊరు ఊరంతా వచ్చింది, సెమీఫైనల్‌కి కూడా ఇంతమంది రారు.

ముసలివాళ్ళ ఆట పద్ధతి నీకు చెప్పక్కర్లేదు. నల్ల నిక్కరువాణ్ణి మామూలుగా పడగొట్టొచ్చు. ఎర్ర నిక్కరువాణ్ణి పట్టుకుని ఆపొచ్చు. బాగా ముసలివాళ్ళకి బంగారు రంగు నిక్కరు, వాళ్ళని ఎవరూ పడగొట్టకూడదు. ఒకప్పుడు మాంసం కొట్టు నడిపిన హెర్బ్ క్లెగ్, కొత్త తుంటి వేయించుకున్నాడు కదా, బంగారు నిక్కరు తొడిగి బంతి చంకలో పెట్టుకుని మన కుర్రాళ్ళ మధ్యలోంచి పెళ్ళికొడుకులా నడుచుకుంటూ పోయాడు. గీత దగ్గర తన కాలికి తనే తగిలి బోర్లా పడ్డాడు.

"రెఫరీ! నన్ను ముట్టుకున్నాడు!" అని కేక.

"నిన్ను ముట్టుకోవడానికి ఎవడికి మనసొప్పుతుంది హెర్బ్?" అన్నాను పైనుంచి.

"హెట్టీ, ఇది తల మీద దెబ్బ! వాడికి అయిదు మ్యాచ్‌లు వెయ్యాలి!"

"నువ్వేం బాధపడకు, వాడికి బస్సు మీద బొమ్మ లేదు కాబట్టి వేస్తార్లే!"

బెర్నార్డ్ నవ్వలేక ఈల ఊదలేక నిలబడిపోయాడు. కర్టిస్ నా పక్కనే కోటు వేసుకుని కూర్చున్నాడు. వాడొక్కడే నవ్వలేదు.

"నానమ్మా, ఇది మోసం కాదా?"

"మోసమేరా. వెల్‌ఫోర్డ్ వాళ్ళ మోసానికి ముద్ర పడింది. మనదానికి పడుతుందో లేదో చూద్దాం."

చూస్తున్నాను.

హెట్టీ


ఇల్క్‌లీ
మే, సోమవారం

అక్కా,

ముసలివాళ్ళతో ఆడిన మ్యాచ్‌ని లెక్కలోకి తీసుకోవడం కుదరదని సంఘం నిర్ణయించింది. ఎప్పటిలాగే నేను బయట కూర్చున్నాను. కారణం న్యాయమైనదే. పడగొట్టకూడని మనుషులున్న ఆట పోటీ కాదు, అది నిజమైన రగ్బీ మ్యాచ్ కాదు. కాబట్టి కర్టిస్ నిషేధం అలాగే ఉంటుంది.

ఒక మాట చెప్పక తప్పదు. నువ్వు ఇందులో మమ్మల్ని నవ్వులపాలు చేశావు. స్థానిక పత్రికలో హెర్బ్ క్లెగ్ ఫొటో వచ్చింది, కింద నీ మాటలు కూడా వేశారు. మా ఛైర్మన్ నన్ను పక్కకి పిలిచి, "ఆ ముసలావిడ మీకేమవుతుంది?" అని అడిగారు. నా పరిస్థితి కొంచెం ఆలోచించు.

క్లబ్బు అప్పీలు చేస్తుందని విన్నాను. మళ్ళీ చెబుతున్నాను, వద్దు.

క్లిఫర్డ్


ఎకెన్‌షా
మే, బుధవారం

క్లిఫ్,

ఛైర్మన్ అడిగితే నువ్వేం చెప్పావు? అది రాయలేదు. ప్రశ్న రాసి జవాబు మింగేశావు. నీ చిన్నప్పుడు కూడా అంతే, కిటికీ పగిలిందని చెప్పేవాడివి, ఎవరు పగలగొట్టారో చెప్పేవాడివి కాదు.

సరే, నిజమైన మ్యాచ్ అంటే ఏమిటో ఇప్పుడు నేను చెబుతాను. నిన్న బెర్నార్డ్ స్లేటర్ టీకి వచ్చాడు. రెండో కప్పు పోశాక నోరు విప్పాడు.

"హెట్టీ, ఆ వెల్‌ఫోర్డ్ స్నేహపు మ్యాచ్‌కి రెఫరీని నేనే."

"ఎలా జరిగింది?"

"అసలు జరిగితే కదా. పదమూడు మంది ఉండాల్సిన జట్టుకి కాలేజీ కుర్రాళ్ళు పదకొండు మందే వచ్చారు. వెల్‌ఫోర్డ్ వాళ్ళే ఇద్దర్ని అరువిచ్చారు. వాళ్ళు ప్రాక్టీసు చేసుకునే పొలం అది, ఒక వైపు గోలు కర్రలే లేవు. సగంలో వాన పెరిగింది. 'చాల్లే, ఊదెయ్' అన్నారు. ఊదేశాను."

"వానకి రగ్బీ ఆపారా? ఈ జిల్లాలో?"

"ఆపారు."

"చూసినవాళ్ళు ఎవరూ లేరా?"

బెర్నార్డ్ కప్పులోకి చూశాడు. "డైరెక్టర్లు నలుగురైదుగురు. వాళ్ళతో... మీ క్లిఫ్. పెద్ద గొడుగు కింద నిలబడ్డాడు. చేతిలో సాల్మన్ చేప శాండ్‌విచ్."

లిండ్సే పెన్ను ఆపేసి నా మొహం చూస్తోంది. రాయవే అంటున్నాను.

ఆ గొడుగు కిందే ఉన్నావు. సగం ఆట, అరువు మనుషులు, లేని గోలు కర్రలు అన్నీ చూశావు. శాండ్‌విచ్ తిని వెళ్ళి, అది నిజమైన మ్యాచ్ అని సంతకం పెట్టావు. టావెర్నర్‌కి నువ్వు బంధువు కాదు కదా, అప్పుడు బయటికి పోనక్కర్లేదు, కుర్చీలోనే ఉన్నావు. ఊరంతా చూస్తుండగా చివరి ఈల దాకా ఆడిన మా ఆట మాత్రం ఆట కాదు.

బెర్నార్డ్ వచ్చి సాక్ష్యం చెప్పనన్నాడు. చెబితే మళ్ళీ మ్యాచ్‌లు ఇవ్వరు. ఆ మనిషికి ఈ లోకంలో ఆ ఈల ఒక్కటే మిగిలింది. నేను బలవంతపెట్టలేదు. నీకైతే పెద్ద ఇల్లు, తోట, పెన్షను, సంఘం వాళ్ళిచ్చిన నీలం కోటు, దాని మీద బొమ్మ, అన్నీ ఉన్నాయి. అప్పీలు రోజున నువ్వొచ్చి, చూసింది చెప్పు. కర్టిస్ మంచివాడని చెప్పనక్కర్లేదు. నాకు కావలసింది మొదటి ఉత్తరంలోనే చెప్పాను. ఇద్దరూ ఆడాలి, లేదా ఇద్దరూ కూర్చోవాలి.

హెట్టీ


ఇల్క్‌లీ
మే, శనివారం

అక్కా,

ఉన్నాను. గొడుగు కింద ఉన్నది నేనే.

పిలిచారు, వెళ్ళాను. వాళ్ళు ఎప్పుడూ పిలుస్తారు. మంచి సీటు ఇస్తారు, భోజనం పెడతారు, "క్లిఫర్డ్ గారూ, మీరు ఆడే రోజుల్లో ఎలా ఉండేది?" అని అడుగుతారు. నేను చెబుతాను, వింటారు. నీ మరదలు మార్జరీ పోయాక ఈ ఇంట్లో నా మాట వినేవాళ్ళెవరూ లేరు. నువ్వు నవ్వుతావని తెలుసు. నవ్వు.

అది మ్యాచ్ కాదని అప్పుడే అనిపించింది. కాగితాల మీద అన్నీ సరిగ్గా ఉన్నాయి కాబట్టి ఒప్పుకున్నాను. సంఘంలో మిగతా ఇద్దరూ కూడా ఒప్పుకున్నారు. ఎవరూ ప్రశ్న వేయలేదు, నేనూ వేయలేదు.

వచ్చే సీజన్‌కి నన్ను ఛైర్మన్‌ని చేస్తామని మాటిచ్చారు. సాక్షిగా నిలబడిన మరుక్షణం అది పోతుంది, ఉన్న కుర్చీ కూడా పోతుంది. ఆ ఆటకి దగ్గరగా ఉండటానికి నాకు మిగిలిన చోటు అదొక్కటే. ఛైర్మన్‌ని అయితే ఈ స్నేహపు మ్యాచ్‌ల వ్యవహారమే ఎత్తేయిస్తాను. వచ్చే ఏడాది ఏ కుర్రాడికీ ఇలా జరగదు. ఒక్క సెమీఫైనల్ కోసం అదంతా వదులుకోమనకు.

ఛైర్మన్‌కి నేను చెప్పిన జవాబు అడగకు.

క్లిఫ్


ఎకెన్‌షా
మే, మంగళవారం

క్లిఫర్డ్,

నవ్వలేదు.

వచ్చే ఏడాది మంచివాణ్ణవుతానని ఈ ఏడాది రాసిచ్చే మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. కర్టిస్‌కి ఈ ఏడాదే ఉంది. మళ్ళీ ఎకెన్‌షా సెమీఫైనల్‌కి వచ్చేసరికి వాడు హెర్బ్ క్లెగ్‌తో కలిసి ఆడుతుంటాడు.

అప్పీలు ఈ శుక్రవారం. ఫోనులో మొహాలు చూపించుకునే విచారణ కాదు, గదిలోనే కావాలని క్లబ్బు చేత అడిగించాను. దీనికోసమే కొత్త టోపీ కొన్నాను, అది పెట్టుకుని వస్తాను. నువ్వు రావాలని ఏమీ లేదు. రాకపోతే మాత్రం ఇంకెప్పుడూ ఈ గుమ్మం తొక్కకు. ఇక్కడ దొరికేవి బఠాణీలు, సాల్మన్ దొరకదు.

హెట్టీ

మావయ్యగారూ, ఇది నేను లిండ్సేని, నా సొంతంగా రాస్తున్నాను. ఈ ఉత్తరంలో నేను రాయనని మొండికేసిన మాటలు కొన్ని ఉన్నాయి, ఊహించుకోండి. కానీ నిన్న నేను విసిగిపోయి "ఆయన ఎప్పుడూ అంతే, స్వార్థపరుడు" అన్నానో లేదో, అత్తయ్య చీపురు తీసుకున్నారు. మిమ్మల్ని తిట్టే హక్కు ఈ ఇంట్లో ఆవిడకొక్కదానికే ఉందట. కర్టిస్ రోజూ ప్రాక్టీసుకి వెళ్తున్నాడు. వాడి స్థానంలో ఆడబోయే కుర్రాడికి వాడే నేర్పుతున్నాడు. చెప్పాలనిపించింది.


ఇల్క్‌లీ
మే, ఆదివారం

అక్కా,

శుక్రవారం నడవలో నా పక్కనుంచి వెళ్తూ నువ్వు నా వైపు చూడలేదు. వెళ్ళేటప్పుడూ చూడలేదు. అందుకని గదిలో నువ్వు వినగలిగిందీ వినలేనిదీ కలిపి రాస్తున్నాను. నీ చెవి ఈమధ్య మందగించిందని లిండ్సే చెప్పింది. నువ్వు ఒప్పుకోవని కూడా చెప్పింది.

చూసినదంతా చెప్పాను. పదకొండు మంది, అరువిచ్చిన ఇద్దరు, గోలు కర్రలు, వాన. "మీరే దాన్ని మ్యాచ్ అని ఆమోదించారు కదా?" అని వాళ్ళ లాయరు అడిగాడు. ఆమోదించాను, తప్పు చేశాను అన్నాను. "ఆటగాడితో మీకు బంధుత్వం ఉంది కదా?" అన్నాడు. అప్పుడు ఛైర్మన్ తలెత్తి నన్ను చూశారు. ఎందుకంటే, ఆ ముసలావిడ ఎవరని ఆయన అడిగిన రోజున నేను "దూరపు చుట్టం" అన్నాను. ఇదీ నువ్వడిగిన జవాబు. శుక్రవారం మాత్రం, "ఆవిడ మా అక్క. అమ్మ మంచాన పడితే బడి మానేసి నన్ను పెంచింది. అందుకే ఆవిడకి చదవడం రాదు, నాకు వచ్చు" అన్నాను. నువ్వు ఆ టోపీ సర్దుకుంటున్నావు. వినబడిందో లేదో తెలియలేదు.

తీర్పు నీకు తెలుసు, కానీ మళ్ళీ రాస్తాను, లిండ్సే నెమ్మదిగా చదువుతుంది. రెండు స్నేహపు మ్యాచ్‌లూ చెల్లవు. కాబట్టి కర్టిస్ సెమీఫైనల్ ఆడడానికి వీల్లేదు. టావెర్నర్ ఒక మ్యాచ్ బాకీ పడ్డాడు, వాళ్ళకి తర్వాతి మ్యాచ్ అదే కాబట్టి వాడూ సెమీఫైనల్ ఆడడానికి వీల్లేదు. మీ అప్పీలు పనికిమాలినది కాదని మాత్రం ఒప్పుకున్నారు, అందుకని మ్యాచ్ కలపలేదు.

ఇద్దరూ ఆడాలి, లేదా ఇద్దరూ కూర్చోవాలి అన్నావు. కూర్చోబెట్టారు. వాడు ఆడతాడనే అనుకున్నాను అక్కా. నా సాక్ష్యంతో వాడి నిషేధం తగ్గుతుందనే నమ్మాను. ఇలా తిరుగుతుందనుకోలేదు.

నీలం కోటు పోస్టులో తిరిగి పంపేశాను. వాళ్ళు అడగకముందే.

క్లిఫ్


ఎకెన్‌షా
జూన్, సోమవారం

ఒరేయ్ క్లిఫ్,

వినబడింది. నా చెవులకేమీ రాలేదు. లిండ్సే మాటలు నమ్మకు.

మీ సంఘం తెలివి చూశావా? ఒకడికి అన్నం పెట్టలేదని అడిగితే, రెండోవాడి పళ్ళెం లాగేసి ఇప్పుడు సమానం అన్నారు. నేను అడిగింది అదే కాబట్టి నోరెత్తడానికి లేదు. ఎత్తను. అయినా వాళ్ళని చూస్తే నాకు వాంతి వస్తుంది, ఆ ముక్క అలాగే రాయవే.

తీర్పు వచ్చాక కర్టిస్ నాతో మాట్లాడలేదు. అన్నం తిన్నాడు, గిన్నెలు కడిగాడు, మాట్లాడలేదు. సెమీఫైనల్ రోజున మాత్రం వచ్చి, "కోటు వేసుకో నానమ్మా, బస్సు వచ్చింది" అన్నాడు.

నిషేధం ఉన్నవాళ్ళందరికీ ఆ మైదానంలో ఒకే వరుస ఇచ్చారు. మా వాడు, వాడి పక్కన ఖాళీ, దాని పక్కన సూటు వేసుకున్న టావెర్నర్. ఇద్దరూ ఎటో చూస్తున్నారు. నా సీటు ఎక్కడో వెనకాల. నేను వెళ్ళి ఆ ఖాళీలో కూర్చున్నాను. లేపడానికి ఒకడు వచ్చాడు గానీ నా మొహం చూసి వెళ్ళిపోయాడు.

"ఆ ముసలావిడ మీరేనా?" అన్నాడు టావెర్నర్.

"నేనే. ఆ జుట్టువాడివి నువ్వేనా?"

"నేనే."

"దువ్వుకోవచ్చుగా."

వాడు నవ్వాడు. పిప్పరమెంటు ఇచ్చాను, తీసుకున్నాడు. చూడబోతే చిన్నవాడే, కర్టిస్ కంటే పెద్దగా ఏమీ ఉండడు.

"ఆ బుధవారం మ్యాచ్ జరుగుతుంటే ఎక్కడున్నావు?" అని అడిగాను.

"టెనరీఫ్‌లో, సముద్రం ఒడ్డున. నీ నిషేధం తీరుతోంది, హాయిగా ఉండమని ఫోను చేశారు."

"నేను నానమ్మ పక్కన చలిలో కూర్చున్నాను" అన్నాడు కర్టిస్. టావెర్నర్‌తో వాడు అన్న మొదటి మాట అదే.

టావెర్నర్ పిప్పరమెంటు కాగితాన్ని చిన్నగా మడతపెట్టాడు. తర్వాత, "నేను కొట్టినవాడికి పంపిన ఆ క్షమాపణ నేను రాయలేదు. ఇప్పుడు వాడెలా ఉన్నాడో కూడా తెలియదు" అన్నాడు.

"వెళ్ళి అడుగు. పై పట్టుకెళ్ళు" అన్నాడు కర్టిస్.

ఓడిపోయాం. రెండే పాయింట్ల తేడా. చివర్లో వాళ్ళవాడొకడు కర్టిస్ ఉండాల్సిన సందులోంచే దూరిపోయాడు. కర్టిస్ అరచేతులతో మొహం కప్పుకున్నాడు. వాడి స్థానంలో ఆడిన కుర్రాడు మైదానంలో కూలబడి ఏడుస్తుంటే, కోటుతోనే కంచె దూకి వెళ్ళి వాణ్ణి లేపి తీసుకొచ్చాడు. నిషేధం ఉన్నవాడు గీత దాటకూడదట. దానికి కూడా ఏదో కాగితం వస్తుంది. రానీ. నాకు టోపీ ఉంది.

ఇక నీ సంగతి. దూరపు చుట్టం అన్నావు. అది చాలాకాలం నమిలాక గానీ గొంతు దిగదు నాకు. కానీ గది నిండా మనుషులుండగా మళ్ళీ దిద్దుకున్నావు, అది కూడా విన్నాను.

బుధవారం ముసలివాళ్ళ ఆట ఉంది. హెర్బ్ తుంటి మళ్ళీ పట్టేసింది, ఒక మనిషి తక్కువ. నీ పేరు ఇచ్చాను. నీ వయసుకి బంగారు రంగు నిక్కరు ఇవ్వాలన్నారు. వద్దన్నాను. ఎవరూ ముట్టుకోకుండా ఇన్నేళ్ళు నడిచావు, చాలు. నల్లది తీసుకుని ఉతికి ఆరేశాను. వాన వచ్చినా ఆపరు. నిన్ను పడగొడతారు. కర్టిస్‌కి కూడా చెప్పాను, మెల్లగా ఏమీ వద్దు అని. నడుముకే తగిలేలా చూసుకుంటానన్నాడు.

ఆట అయ్యాక పై, బఠాణీలు ఉంటాయి. నా బల్ల దగ్గర, నాకు ఎదురుగా చోటు ఉంచుతాను.

అక్క హెట్టీ